నాకు నచ్చిన జపాను బొమ్మల సినిమాలు

(తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖల ఉమ్మడి కుటుంబ సమ్మేళనంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం మన కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి డి.ఆర్. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవాళ్ళు నలుగురున్నారు. మీరు వేరే ఏదైనా విషయం తీసుకోండి. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వస్తున్నారు" అన్నారు. "జపాను బొమ్మల సినిమాల గురించి చెప్పనా?" అని అడిగాను. అవతలి నుంచి కొంతసేపు పలుకు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు తంతి తపాలా కొలువు చేసినవాడికి మొదట వచ్చే అనుమానం అదే కదా! తర్వాత ఆయన, "సరేనండీ, ఇరవై నిమిషాలు" అన్నారు. ఇరవైకి రెండు నిమిషాలు ఎక్కువైతే మన్నించాలి.

బొమ్మలు పిల్లలకేనా?

ముందు వరసలో కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు. "ఈ వయసులో భాగవతం చదువుకోక కార్టూన్లేమిటండీ" అని మా ఆవిడ కూడా మొదట్లో అంది. ఎవరన్నా అనొచ్చు గానీ తెనాలివాళ్ళు మాత్రం ఆ మాట అనకూడదు. నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో "చందమామ" మొదలుపెట్టిన చక్రపాణిగారు ఈ ఊరివారే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారూ ఈ ఊరివారే. పేరుకది పిల్లల పత్రిక. ఇంటికి రాగానే ముందు చదివిందెవరు? నాన్నలు చదివి, అమ్మలు చదివి, ఆ తర్వాత పిల్లల చేతికొచ్చేది. ఏ ఆఫీసులోనో చెప్పను గానీ, సార్టింగులో రేపరు ఊడిన చందమామని మధ్యాహ్నం భోజనాల వేళ మేమూ చదివి, జిగురు పెట్టి మళ్ళీ అతికించి పంపేవాళ్ళం. బొమ్మలతో చెప్పిన కథకి వయసు లేదని మనకి అప్పుడే తెలుసు. పెద్దయ్యాక మరిచిపోయాం.

జపాను బొమ్మలు కూడా మనకి కొత్తవి కావు. 1990 దశకం మొదట్లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో మౌగ్లీ కథ వచ్చేది గుర్తుందా? అడవిలో తోడేళ్ళు పెంచిన పిల్లవాడు. గుల్జార్ రాసిన ఆ హిందీ పాట అర్థం తెలియకపోయినా మన పిల్లలంతా పాడారు. ఆ సీరియల్‌ని 1989లో తీసింది జపానువాళ్ళే. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఈమధ్య పిల్లలు చూసే డోరేమాన్ పిల్లి, షించాన్ అనే అల్లరి పిల్లవాడు కూడా అక్కడి సరుకే. యానిమేషన్ అనే మాటని వాళ్ళు కుదించి "అనిమే" అంటారు.

నేనెలా పట్టుబడ్డానో చెబుతాను. 2020 మార్చి 25న ఉగాది. ముందురోజు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. పండక్కని హైదరాబాదు నుంచి వచ్చిన మా కూతురి కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, తెనాలిలో మా దగ్గర చిక్కుబడిపోయింది. బడి లేదు, స్నేహితులు లేరు. తాతా అమ్మమ్మలతో ఎంతసేపని మాట్లాడుతుంది? జీబ్లీ అనే జపాను స్టూడియో సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌లోకి ఆ సంవత్సరమే వచ్చాయి. హయావో మియజాకి, ఇసావో తకహాత అనే ఇద్దరు దర్శకులు 1985లో పెట్టిన సంస్థ అది. పిల్ల లాప్‌టాప్ పెట్టుకుని చూస్తుంటే పక్కన కూర్చున్నాను. మాటలు జపాను భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. నేను చదివేలోగా అవి మాయమయ్యేవి. "తాతయ్యా, అయిందా?" అని అడిగి ఆపుతూ ఆపుతూ చూపించేది. నేను తెలుగులో చెబితే మా ఆవిడ వినేది. అలా గంటన్నర సినిమా మాకు రెండు రాత్రులు పట్టేది.

జపానువారి రామాయణం

ఇంట్లో ఒప్పించటానికి పనికొచ్చే సినిమా ముందు చెబుతాను. యుగో సాకో అనే జపాను ఆయన 1983లో మన దేశం వచ్చాడు. రామాయణంలో చెప్పిన స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ జరిపిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీసే పని మీద వచ్చి, కథ మీద మనసుపడ్డాడు. మనిషి ఏ నటుడు వేసినా దేవుడిలో నటుడే కనిపిస్తాడు, అదే బొమ్మయితే ఆ బాధ లేదని ఆయన ఆలోచన. భారత ప్రభుత్వంతో కలిసి తీయాలన్న ప్రయత్నం ఫలించలేదు. చివరికి జపానులో తీశారు. మన రామ్‌మోహన్‌గారు ఒక దర్శకులు. సుమారు 450 మంది చిత్రకారులు లక్ష దాకా బొమ్మలు చేత్తో గీశారు. మనవాళ్ళు ధోవతి ఎలా కడతారు, చీర ఎలా కడతారు, ఎలా నడుస్తారు, పిల్లలు పెద్దల దీవెన ఎలా తీసుకుంటారు, ఇవన్నీ మన చిత్రకారులు దగ్గరుండి జపాను చిత్రకారులకి నేర్పారు.

1993 జనవరిలో మన దేశపు చలనచిత్రోత్సవంలో చూపించారు గానీ అప్పట్లో జనానికి చేరలేదు. సాకో 2012లో పోయాడు. 2025 జనవరి 24న తెలుగుతో సహా నాలుగు భాషల్లో థియేటర్లకి వచ్చింది. విజయేంద్రప్రసాద్‌గారు దానికి చెయ్యి వేశారు. మేము ముగ్గురం విజయవాడ వెళ్ళి చూశాం. బాపుగారి "సంపూర్ణ రామాయణం", "సీతాకల్యాణం" చూసిన కళ్ళకి ఆ రాముడు మొదటి పది నిమిషాలు పొరుగూరి కుర్రాడిలా అనిపిస్తాడు. ఆ తర్వాత మనవాడే అయిపోతాడు. మా ఆవిడ బయటికి వస్తూ, "ఇక మీరేం చూసినా నేనేమీ అనను" అంది.

అన్నీ ఇలాంటివే వుంటాయని చెప్పను. మనవరాలికి ప్రాణమైన "డీమన్ స్లేయర్" 2025 సెప్టెంబరులో తెలుగులో కూడా వచ్చింది. కత్తులు, రాక్షసులు, చెవులు చిల్లులు పడే చప్పుడు. నాకు అరగంట చాలింది. ప్రతి తరానికీ దాని జానపదం దానికుంటుంది. మనం కాంతారావుగారి కత్తియుద్ధాలకి ఈలలు వెయ్యలేదా?

నీళ్ళ మీద రైలు

"స్పిరిటెడ్ అవే" అనే మియజాకి సినిమా 2001లో వచ్చింది. 2003లో ఆస్కార్ బహుమతి తెచ్చుకుంది. చిహిరో అనే పదేళ్ళ పిల్ల తల్లిదండ్రులతో వెళ్తూ దేవతలు స్నానానికొచ్చే ఒక వింత లోకంలో చిక్కుకుంటుంది. తమది కాని తిండి తిని తల్లిదండ్రులు పందులైపోతారు. ఆ పిల్ల అక్కడ కూలికి కుదిరితే యజమానురాలు ముందుగా చేసే పని ఆమె పేరు లాక్కోవటం. పేరు మరిచిపోతే ఇంక ఇంటికి వెళ్ళే దారి వుండదు.

కౌంటరు వెనక కూర్చున్న నాటి నుంచి మన పేర్లు కూడా ఇలాగే పోలేదూ? "స్టాంపులాయన", "మనియార్డరాయన" అనేవాళ్ళు. రిటైరైన మర్నాడు పేరు పెట్టి పిలిచేవాళ్ళ కోసం వెతుక్కున్నాం.

అందులో ఒక రైలుంది. కనుచూపు మేర నీళ్ళు. నీళ్ళలో మునిగిన పట్టాల మీద రైలు నెమ్మదిగా పోతుంది. నీడల్లాంటి ప్రయాణీకులు మాట్లాడకుండా ఒక్కో స్టేషన్‌లో దిగిపోతుంటారు. ఒకప్పుడు తిరిగొచ్చే రైలు కూడా వుండేది, ఇప్పుడు పోవటమే గానీ రావటం లేదని అంతకుముందే ఒక ముసలాయన చెబుతాడు. వానాకాలంలో తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో వెళ్ళినవాళ్ళకి ఆ దృశ్యం చెప్పక్కర్లేదు. చేలన్నీ మునిగి రెండు వైపులా నీళ్ళే వుంటే బండి నీటి మీద పోతున్నట్టే వుంటుంది. నేను సినిమా ఆపించి ఆ ముక్క మళ్ళీ వేయించుకున్నాను.

మన కొలువు చేసిన చిన్నపిల్ల

ఇప్పుడు మన శాఖ సినిమా ఒకటి. "కికీస్ డెలివరీ సర్వీస్", 1989. కికీ పదమూడేళ్ళ మంత్రగత్తె. ఆ వయసు రాగానే ఇల్లు విడిచి కొత్త ఊళ్ళో సొంతంగా బతకాలని వాళ్ళ ఆచారం. ఆ పిల్లకి వచ్చిన విద్య ఒక్కటే, చీపురు మీద ఎగరటం. దాంతో పార్సిళ్ళు బట్వాడా చేసే పని పెట్టుకుంటుంది. అంటే మన పోస్టుమానే, సైకిలు బదులు చీపురు!

అందులో ఒక ముసలావిడ మనవరాలి పుట్టినరోజుకని చేపతో చేసే ఒక వంటకం పంపాలనుకుంటుంది. కరెంటు పొయ్యి పనిచెయ్యదు. కికీ పాత కట్టెల పొయ్యి రాజేసి, ఆవిడకి సాయం చేసి, అది ఉడికేదాకా వుండి, కుంభవృష్టిలో తడుస్తూ తీసుకెళ్తుంది. తలుపు తీసిన మనవరాలు తడిసిన కికీని చూసి, ఆ గిన్నె చూసి, "మా నాయనమ్మది మళ్ళీ వచ్చిందా, ఇది నాకిష్టం లేదు" అన్నట్టు మాట్లాడి, సంతకం పెట్టి తలుపు వేసుకుంటుంది. కికీ ఏమీ అనదు. వానలో నడిచి వచ్చి, జ్వరంతో పడుకుంటుంది.

ఇక్కడున్న పోస్టుమాన్ సోదరులు చెప్పండి, ఇలాంటి తలుపు మీకు తగల్లేదా? పంపినవాళ్ళ ప్రేమ ఎంతో మనకి తెలుసు, అందుకున్నవాళ్ళ ముఖమూ మనమే చూస్తాం. మధ్యలో వున్నవాడు ఏమీ అనకూడదు. అది మన వృత్తి ధర్మం. దీన్ని ఒక బొమ్మల సినిమాలో చూస్తానని నేననుకోలేదు.

తర్వాత ఒకనాడు కికీకి ఎగిరే శక్తి పోతుంది. ఎంత ప్రయత్నించినా చీపురు లేవదు. అడవిలో వుండే ఒక బొమ్మలు గీసే అమ్మాయి ఆమెకిచ్చే సలహా ఏమిటంటే, రానప్పుడు కొన్నాళ్ళు మానెయ్యి, తిరుగు, నిద్రపో అని. రిటైరైన కొత్తలో ఏమీ తోచక ఇంట్లోవాళ్ళ మీద విసుక్కునేవాళ్ళు ఈ సినిమా చూడాలి.

టొటోరో ఇంట్లో టెలిగ్రాం

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరైంది "మై నైబర్ టొటోరో". 1988లో మియజాకి తీశాడు. జబ్బుతో ఆస్పత్రిలో వున్న తల్లికి దగ్గరగా వుండాలని, ఇద్దరు ఆడపిల్లలు తండ్రితో పల్లెటూళ్ళో పాత ఇంటికి వస్తారు. పెద్దది సత్సుకి, చిన్నది నాలుగేళ్ళ మేయి. పెరట్లో పెద్ద కర్పూర చెట్టు. దాని కింద టొటోరో అనే బొద్దు జీవి, పిల్లలకి మాత్రమే కనిపించేది. అంతే కథ. దుర్మార్గుడు లేడు, యుద్ధం లేదు. మియజాకి తల్లి కూడా క్షయతో ఏళ్ళ తరబడి మంచాన వుందట. చూస్తుంటే ఆ సంగతి చెప్పకుండానే తెలుస్తుంది.

వానలో బస్సు స్టాపు దగ్గర ఒక ఘట్టం వుంది. తండ్రి ఇంకా రాలేదు. చిన్నపిల్ల అక్క వీపు మీద నిద్రపోయింది. పక్కన టొటోరో వచ్చి నిలబడుతుంది, నెత్తి మీద ఒక ఆకు పెట్టుకుని. అక్క గొడుగు ఇస్తుంది. దాని మీద చినుకులు పడుతుంటే అది వింటుంది. కొన్ని నిమిషాలపాటు మరేమీ జరగదు. మన సినిమాలో అయితే అక్కడ పాట పడేది. 2002లో ఒక అమెరికన్ విమర్శకుడు ఇలాంటి ఘట్టాల గురించి మియజాకిని అడిగితే, ఆయన మూడు నాలుగుసార్లు చప్పట్లు కొట్టి, చప్పట్టుకీ చప్పట్టుకీ మధ్య వున్న ఖాళీ తమ భాషలో "మ" అని చెప్పాడు. ఆ ఖాళీ లేకపోతే అంతా హడావుడే. మోర్సు కొట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ ఇవ్వకపోతే సందేశమే లేదు!

ఇక అసలు విషయం. ఒకరోజు ఆస్పత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది. ఇంట్లో ఎవరూ లేరని పక్కింట్లో ఇచ్చి వెళ్ళాడు. ఆ ఇంటి కుర్రాడు పరుగున తెచ్చి ఇస్తాడు. ఆస్పత్రికి ఫోను చెయ్యమని మాత్రమే వుంది. సత్సుకి ముఖం చూడాలి! వాళ్ళూ వీళ్ళూ గోడ ఫోను వున్న ఇంటికి పరుగెత్తి, ఆపరేటరుని అడిగి, తండ్రికి ట్రంకు కాల్ చేసి, లైను కోసం కాచుకుంటారు. నేను లేచి నిలబడ్డాను. మా మనవరాలు, "ఏమైంది తాతయ్యా?" అంది. "ఇది మా ఆఫీసే" అన్నాను. టెలిగ్రాం అంటే ఏమిటో ఆ పిల్లకి అప్పుడు చెప్పాల్సి వచ్చింది. 2013 జులై 14తో మన దేశంలో తంతి సేవ ముగిసింది. ఆ పిల్లకి అప్పటికి అయిదేళ్ళు.

అందులో తల్లికి వచ్చింది జలుబే. శనివారం ఇంటికి రావలసింది వాయిదా పడింది, అంతే. కానీ ఆ కాగితం చూసి పెద్దపిల్ల భయపడిపోయింది, చిన్నది అమ్మకిద్దామని మొక్కజొన్న కంకి పట్టుకుని ఒంటరిగా బయలుదేరి దారి తప్పింది. మన దగ్గర వ్యవహారం దీనికి తలకిందులు. మనిషి పోయినా "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని కొట్టించేవాళ్ళు. అలాంటివి నేనెన్ని తీసుకున్నానో లెక్కలేదు. అంచేత నిజంగా జబ్బు చేసి టెలిగ్రాం ఇచ్చినా, అందుకున్నవాళ్ళు గొల్లుమనేవారు. చెడు కబురుని మెత్తగా చెప్పాలని మనం చేసిన ప్రయత్నం కబుర్ల మీదే నమ్మకం తీసేసింది.

అదే టిక్కెట్టు మీద రెండో సినిమా

"టొటోరో" 1988 ఏప్రిల్ 16న జపానులో విడుదలైంది. అదే రోజు, అదే థియేటర్లలో, అదే టిక్కెట్టు మీద రెండో సినిమా కూడా వేశారు. అది తకహాత తీసిన "గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్", అంటే మిణుగురుల సమాధి. ఇది నెట్‌ఫ్లిక్స్‌లోకి 2024 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి మనవరాలికి పదహారు వెళ్ళి పదిహేడు. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం చూశాం.

1945లో కోబే నగరం మీద అమెరికా బాంబుల వాన. పద్నాలుగేళ్ళ సెయితా, నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకో. మా నాన్నగారి తరానికి జపాను అంటే బాంబులు వేసినవాళ్ళు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద వాళ్ళు వేసిన బాంబుల గురించి ఇంట్లో చెప్పుకునేవారు. బాంబు కింద వాళ్ళ పిల్లలు కూడా వున్నారని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ కథ రాసిన నొసాకా అకియుకి చెల్లెలు ఆ రోజుల్లో తిండిలేక చనిపోయింది. ఆమెకి క్షమాపణగా 1967లో రాశాడు. దర్శకుడు తకహాత కూడా తొమ్మిదేళ్ళ వయసులో ఒకయామా మీద జరిగిన దాడిలో ప్రాణాలతో బయటపడ్డవాడే.

బాంబు దాడిలో తల్లి కాలిపోయి చనిపోతుంది. అన్న చూస్తాడు. చెల్లెలికి చెప్పడు. అమ్మ ఆస్పత్రిలో వుంది, తర్వాత వెళ్దాం అంటాడు. ఆ పిల్ల ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక, అక్కడున్న ఇనప కమ్మీ పట్టుకుని గిరగిరా తిరిగి చూపిస్తాడు.

అక్కడ నేను సినిమా ఆపమన్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఈ సంగతి నలభై ఏడేళ్ళు నేనెవరికీ చెప్పలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. నేను బాపట్లలో గుమస్తాని, ఇరవై నాలుగేళ్ళు. నాన్నగారు అంతకుముందే పోయారు. పదేళ్ళ చెల్లెల్ని చదువు కోసం నా దగ్గర పెట్టుకున్నాను. అమ్మ రేపల్లె అవతల మా ఊళ్ళో వుంది. ఆ గాలికి స్తంభాలు వంగి తీగెలన్నీ నేల మీద పడ్డాయి. ఊరూరికీ కబుర్లు చేరవేసే ఉద్యోగం చేస్తూ, మా ఊరి కబురు నాకు తెలియలేదు. అయిదో రోజు సాయంత్రం మా బాబాయి వచ్చి ఆఫీసు అరుగు మీద కూర్చున్నాడు. కాళ్ళకి చెప్పులు లేవు. ఆయన చెప్పకముందే నాకు తెలిసింది. గోడ మీద పడింది. నాకు కబురు చేసే దారి లేక దహనం కూడా చేసేశారు.

ఇంటికి వెళ్ళాను. చెల్లెలు వాకిట్లో కూర్చుని వుంది. "అమ్మకి చెయ్యి విరిగింది, గుంటూరు పెద్దాసుపత్రిలో వుంది" అన్నాను. ఇంటిగలావిడకి పిల్లని అప్పగించి ఊరెళ్ళి కర్మ చేసి, గుండుతో తిరిగొచ్చాను. "ఏమిటన్నయ్యా ఇది?" అంది. "వానలో తడిసి జలుబు చేసింది, డాక్టరు తీయించుకోమన్నాడు" అన్నాను. నా తల నిమిరి నవ్వింది. నాకు ఆ క్షణాన కొండంత బరువు దిగింది.

నాలుగు రోజుల తర్వాత ఒక కార్డు రాసి తెచ్చింది. "అమ్మా, నువ్వు తొందరగా రా. అన్నయ్య నన్ను బాగా చూస్తున్నాడు. అన్నయ్య జలుబు తగ్గింది." అమ్మకి చదవటం రాదు, నర్సమ్మ చదివి పెడుతుందని చెప్పింది. "పోస్టు చెయ్యన్నయ్యా" అంది. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. నా సర్వీసు మొత్తంలో నేను తొక్కిపెట్టిన ఉత్తరం అదొక్కటే. ఇప్పటికీ ఇంట్లో వుంది. ఇంకో రెండు వారాలకి మా అత్తయ్య వచ్చి ఆ పిల్లకి నిజం చెప్పింది. పిల్ల ఏడవలేదు. చిన్నది, అర్థం కాలేదనుకున్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇది మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల కొంచెంసేపు వూరుకుని, "మిగతాది చూద్దాం తాతయ్యా" అంది. చూశాం. ఒక రాత్రి ఆ పిల్లలిద్దరూ మిణుగురుల్ని పట్టి దోమతెరలో వదులుతారు. తెల్లవారి అవన్నీ చచ్చిపడివుంటే చెల్లెలు గొయ్యి తవ్వి పూడుస్తుంది. అమ్మ కూడా ఇలాగే మట్టిలో వుంది కదా, అత్తయ్య చెప్పింది అంటుంది. అప్పటిదాకా ఏడవని అన్న అప్పుడు ఏడుస్తాడు.

"బాపట్ల అమ్మమ్మకి ఫోన్ చెయ్యి" అంది మనవరాలు. రాత్రి పదిన్నర. చేశాను. చెల్లెలు కంగారుపడింది. ఈ వయసులో ఆ వేళప్పుడు ఫోనంటే టెలిగ్రాం లాంటిదే కదా. "అమ్మాయ్, అమ్మ సంగతి నీకు ముందే చెప్పకపోవటం నాది తప్పు" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత అంది, "గుండు చూసిన రోజే నాకు తెలిసింది అన్నయ్యా. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు అలాగే గుండుతో వచ్చావు."

"మరి ఆ కార్డు ఎందుకు రాశావు?" అని అడిగాను.

"నాకు తెలిసిందని నీకు తెలిస్తే నువ్వు ఏడుస్తావని" అంది.

ముగింపు

ఈ సినిమాలు మిగతావాటి కంటే ఎందుకు వేరు అని మనవరాలు నన్నొకసారి అడిగింది. నేను విమర్శకుణ్ణి కాదు. నాకు తోచింది చెబుతాను. వాటిలో పనిని పనిగా చూపిస్తారు. పొయ్యి రాజెయ్యటం, నేల తుడవటం, పార్సిలు మొయ్యటం, ఏదీ తీసిపారెయ్యరు. తకహాత, మియజాకి 1974లో "హైదీ" అనే పిల్ల కథ సీరియల్‌గా చేసేటప్పుడు బొమ్మలు గీసే ముందు స్విట్జర్లాండు వెళ్ళి ఆ కొండలూ ఇళ్ళూ చూసి వచ్చారు. అంత శ్రద్ధ. రెండోది, తొందరపడరు. మూడోది, పిల్లలకి అన్నీ తెలుసని వాళ్ళకి తెలుసు. మనం పెద్దవాళ్ళం ఆ మూడోది మరిచిపోతాం. పెన్షన్ తగ్గిందనో, రిపోర్టు బాగా రాలేదనో, అమెరికాలో వున్న కొడుకు ఫోను చెయ్యటం లేదనో ఇంట్లో పిల్లలకి తెలియకుండా దాస్తాం. వాళ్ళకి తెలిసే వుంటుంది. మనం బాధపడతామని వాళ్ళు మనకి చెప్పరు.

చూడదలచుకున్నవారు మొదట టొటోరోతో మొదలుపెట్టండి, తర్వాత కికీ. రామాయణం ఎప్పుడైనా చూడొచ్చు. మిణుగురుల సినిమా మాత్రం రాత్రిపూట ఒంటరిగా చూడవద్దు. బీపీ బిళ్ళ వేసుకుని, పక్కన మనవడినో మనవరాలినో కూర్చోబెట్టుకుని చూడండి. అక్షరాలు చదవలేకపోతే వాళ్ళని చదవమనండి. కాస్త విసుక్కుంటారు, కానీ చదువుతారు.

ప్రతి నవంబరులో మనం వెళ్ళి బతికే వున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఆ సంతకం పెట్టేటప్పుడల్లా నాకు అమ్మ గుర్తుకొచ్చేది, చెల్లెలి ముఖం చూడటానికి ఎందుకో మొహమాటంగా వుండేది. కిందటి నవంబరులో మొదటిసారి ఇద్దరం కలిసి రేపల్లె పాసింజరెక్కి మా ఊరెళ్ళి వచ్చాం. దారిలో ఆ కార్డు ఆమెకి ఇచ్చాను. చదువుకుని, "స్టాంపు మీద ముద్ర లేదు కదన్నయ్యా, ఇంకా చెల్లుతుందా?" అని నవ్వింది.

ఆమె ఇప్పుడు ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని వుంది. ఇదంతా ఆమె ఒప్పుకున్నాకే మీకు చెప్పాను.

 కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. డి.ఆర్. సంగతి చెప్పేవారికి మైకు అప్పగిస్తున్నాను. సెలవు.